పంచనామా అయిపోయాక మా గడప ఎవరు తొక్కుతారు?

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, నగర పోలీస్ కమిషనర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కమిషనర్ గారికి, అలాగే ఊళ్లోని కాలేజీలు, కోచింగ్ సెంటర్ల యాజమాన్యాలకు, పాత్రికేయులకు,

నమస్కారం. మీ పని ఒత్తిడి తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మా తమ్ముడు ఆత్మహత్య చేసుకుని రెండేళ్లు దాటింది. ఎలా పోయాడన్నది ఈ లేఖలో రాయను, అది ఎవరికీ పనికొచ్చే విషయం కాదు. ఎందుకు పోయాడన్నదానికి మా దగ్గరే పూర్తి జవాబు లేదు. నా పేరు కూడా రాయడం లేదు. మా మరదలు ఈ ఊళ్లోనే ఉద్యోగం చేసుకోవాలి, మేనల్లుడు ఈ ఊళ్లోనే బడికి వెళ్లాలి.

ఇప్పుడు రాస్తున్న విషయాలనే ముందు అర్జీగా ఇచ్చాం. మాలాగే ఇంటి మనిషిని పోగొట్టుకున్న మరికొన్ని కుటుంబాల వాళ్లు కూడా సంతకాలు పెట్టారు. అర్జీ ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తిరిగింది. చివరికి 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏ సమస్య, ఎవరు పరిష్కరించారు అని వెళ్లి అడిగితే, 'మీరు అడిగింది మా పరిధిలోకి రాదమ్మా, అందుకే క్లోజ్ చేశాం' అన్నారు. ఎవరి పరిధో మాకు తెలియక, ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

మా గోడు ఒక్కటే. ఈ నగరంలో ఒక ఇంట్లో ఆత్మహత్య జరిగితే చనిపోయిన మనిషికి సంబంధించిన ప్రతి పనికీ ఒక ఉద్యోగి ఉన్నారు. స్టేట్‌మెంట్ రాసుకోవడానికి ఉన్నారు, పోస్టుమార్టం చేయడానికి ఉన్నారు, వార్త రాయడానికి ఉన్నారు. ఆ ఇంట్లో బతికి ఉన్నవాళ్ల కోసం ఎవరూ లేరు.

ఆ రోజు పోలీసులు మర్యాదగానే ఉన్నారు, అబద్ధం చెప్పను. వీధిలో నలుగురైదుగురు పెద్దమనుషుల్ని పంచాయతీదార్లుగా, అంటే పంచనామాకు సాక్షులుగా పిలిచారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని హెడ్ కానిస్టేబుల్ రాయడం మొదలుపెట్టారు. పేరు, వయసు, వృత్తి గబగబా అయిపోయాయి. కారణం దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగింది. 'ఒంట్లో ఏమైనా బాగుండేది కాదా? కడుపునొప్పి లాంటిది?' అని ఆయనే అడిగారు. మా నాన్న తలూపారు. అంతకు ఏడాది ముందెప్పుడో తమ్ముడు గ్యాస్ ట్రబుల్‌కి మాత్రలు వాడిన మాట నిజమే. దాంతో 'చాలాకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, నొప్పి తాళలేక' అన్న ముక్క కాగితాల మీదికి ఎక్కింది.

ఆయన చెడు చేయాలని రాయలేదు. ఇంటి పరువు పోకూడదని, కేసు చిక్కులు లేకుండా తేలిపోవాలని రాశారు. మన జిల్లాల్లో ఏ పోలీస్ స్టేషన్‌లో పాత ఫైళ్లు తిరగేసినా ఈ కడుపునొప్పి కనబడుతుందని, ఇలాంటి కుటుంబాలతో మాట్లాడుతున్న కొద్దీ మాకు అర్థమైంది. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో 18 శాతం పైగా 'అనారోగ్యం' ఖాతాలో ఉన్నాయి. అందులో నిజంగా రోగం ఎందరిదో, మా నాన్నలా తలూపిన వాళ్ల ఇళ్లు ఎన్నో ఆ నివేదిక చెప్పలేదు. ఆ నివేదికలో విడిగా లెక్క చూపించే 53 పెద్ద నగరాల్లో మన విశాఖ ఒకటి. కారణం దగ్గరే తప్పు రాసుకుంటే, ఆ లెక్కలు చూసి వేసే పథకం ఎవరికి అందుతుంది?

పన్నెండో రోజు దాకా బంధువులు ఉన్నారు. వాళ్లతోపాటు వాళ్ల ప్రశ్నలూ ఉన్నాయి. 'ఏం తక్కువైందమ్మా వాడికి?' 'ఒకే ఇంట్లో ఉంటూ ఒక్కరైనా గమనించలేదా?' వంటింట్లోకి వచ్చాక, గొంతు తగ్గించి, 'మొగుడూ పెళ్లాలకి పడేది కాదంటగా.' ముప్పై ఏళ్లు కూడా లేని మా మరదలు ఏడవడం మానేసి, తన తప్పేమీ లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. మామూలుగా పోయిన మనిషి ఇంట్లో ఇలా జరగదు. గుండెపోటుతో పోయినవాడి భార్యను ఎవరూ సంజాయిషీ అడగరు.

సంక్రాంతి వచ్చింది. మన ఉత్తరాంధ్రలో పెద్ద పండక్కి చనిపోయిన పెద్దలకు కొత్తబట్టలు పెట్టి దండం పెట్టుకుంటాం కదా. తాతయ్య పంచె, నానమ్మ చీర పక్కన తమ్ముడి ప్యాంటూ చొక్కా పెట్టాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. 'అలా పోయినవాళ్లకి పెట్టకూడదు' అని ఒక పెద్దాయన తేల్చేశారు. కొత్త చొక్కా కవరు కూడా విప్పకుండా అమ్మ బీరువాలో పెట్టేసింది. ఆయన్ను తప్పుపట్టడం లేదు, ఆయనకు తెలిసిన ఆచారం అది. అయితే ఆ పూట అమ్మ పక్కన కూర్చుని, 'పెట్టమ్మా, నీ కొడుకే కదా' అని ధైర్యంగా చెప్పగలిగిన మనిషి మా బలగంలో ఒక్కరూ లేకపోయారు. చెప్పాలని నాకూ తోచలేదు.

పిల్లాడికి గుండెపోటు అని చెప్పాం. వాడు అసలు విషయం స్కూలు వ్యాన్‌లో తోటి పిల్లాడి నోట విన్నాడు. ఇలాంటప్పుడు పిల్లలకు వయసుకు తగిన చిన్న మాటల్లో నిజమే చెప్పాలని, ఎలా జరిగిందన్న వివరాలు అక్కర్లేదని, 'ఇందులో నీ తప్పేమీ లేదు' అన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాలని తర్వాత ఒక కౌన్సెలర్ చెప్పారు. అదే మాట మొదటి వారంలో తెలిసి ఉంటే వాడు అన్నాళ్లపాటు మా ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడు కాదేమో.

ఇదంతా ఇంటి బాధ కదా, ప్రభుత్వానికి ఏం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. బ్రిటన్‌లో 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆప్తుల్ని హఠాత్తుగా వచ్చిన జబ్బుతో పోగొట్టుకున్నవాళ్ల కన్నా ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్నవాళ్లు తామూ ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించే అవకాశం 65 శాతం ఎక్కువని తేలింది. ఆత్మహత్యల మరణాల రేటును 2030 నాటికి 10 శాతం తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో జాతీయ వ్యూహం విడుదల చేసింది. అది తగ్గాలంటే ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో వెతుక్కోనక్కర్లేదు. వాళ్ల ఇంటి నంబరు, ఫోన్ నంబరు పంచనామా కాగితంలోనే ఉన్నాయి.

మేం కోరేవి ఇవి.

1. పంచనామా రోజునే ఆ కుటుంబం చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. స్టేషన్‌లో ఇచ్చినా సరే, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మార్చురీ దగ్గర ఇచ్చినా సరే. పోస్టుమార్టం రిపోర్టు ఎక్కడ తీసుకోవాలి, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు ఆలస్యమైతే ఎవరిని అడగాలి, మరణ ధ్రువీకరణ పత్రం ఎక్కడిస్తారు, పిల్లలకు ఎలా చెప్పాలి, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంతే. ఆ రోజు ఎవరూ చదవరు. చదవకపోయినా ఎవరో ఒకరు మడిచి జేబులో పెట్టుకుంటారు, వారం తర్వాత తీస్తారు.

కాగితంతో ఆగకుండా, శిక్షణ పొందిన ఒక మనిషి ఆ ఇంటికి మొదటి వారంలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి, ఏడాది నిండేటప్పుడు ఒకసారి ఫోన్ చేయాలి. మూడో నెల ఎందుకంటే, అప్పటికి బంధువులు వెళ్లిపోతారు, ఆఫీసు సెలవులు అయిపోతాయి, 'ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు' అనడం మొదలవుతుంది. ఏడాది నిండే రోజు గురించి మీకు చెప్పక్కర్లేదు.

2. స్టేట్‌మెంట్ రాసే పోలీసు సిబ్బందికి ఒక పూట శిక్షణ ఇవ్వండి. కారణం తెలియకపోతే 'కుటుంబ సభ్యులకు కారణం తెలియదు' అని రాయొచ్చని వాళ్లకూ చెప్పండి, మాకూ చెప్పండి. భార్యను, తల్లిని వీధి జనం మధ్య కూర్చోబెట్టి అడగకుండా లోపలి గదిలో అడగమనండి. ఒకే ప్రశ్నకు ఒకే మనిషి చేత నలుగురు అధికారుల దగ్గర జవాబు చెప్పించకండి.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. దర్యాప్తు కోసం తమ్ముడి ఫోన్ తీసుకెళ్లారు. తీసుకోవాలి, కాదనం. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్, పీఎఫ్, ఆఖరికి పిల్లాడి స్కూలు ఫీజు యాప్, అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. మరదలు బ్యాంకులో కూర్చుంటే ఓటీపీ స్టేషన్ బీరువాలో ఉన్న ఫోన్‌కి వెళ్లేది. ఫోన్ కావాలంటే కోర్టులో పిటిషన్ వేసి తీసుకోమన్నారు. ఈలోగా రీచార్జి లేక నంబరు ఆగిపోయింది. పిల్లాడి పుట్టినరోజు ఫొటోలన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. ఫోన్ సీజ్ చేసేటప్పుడే సిమ్ విషయం ఏం చేసుకోవాలో, అందులోని ఫొటోల కాపీ ఎలా అడగాలో, చనిపోయిన మనిషి ఏదైనా రాసి పెట్టి ఉంటే దాని నకలు ఎలా పొందాలో చెప్పే పద్ధతి ఒకటి పెట్టండి. అధికారులకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. మాతో సంతకం పెట్టిన కుటుంబాల్లో ఎక్కువమంది మొదట చెప్పుకున్న బాధ ఇదే.

3. డబ్బు దగ్గర జరుగుతున్న మోసం ఆపండి. 'సూసైడ్ కేసు అయితే పాలసీ రాదు' అని మాకు చెప్పినవాళ్లలో బీమా ఏజెంటు కూడా ఉన్నాడు. అది తప్పు. జీవిత బీమా పాలసీ మొదలైన నాటి నుంచి, లేదా ఆగిపోయిన పాలసీని మళ్లీ పునరుద్ధరించుకున్న నాటి నుంచి 12 నెలలు దాటితే ఆత్మహత్య అన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. 12 నెలల లోపైనా అప్పటిదాకా కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం నామినీకి తిరిగి ఇవ్వాలి. ప్రమాద మరణానికి అదనంగా ఇచ్చే మొత్తం మాత్రం రాదు, అది వేరే సంగతి. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే భార్యకు, 25 ఏళ్ల లోపు పిల్లలకు వచ్చే పింఛనుకు, పీఎఫ్‌తో ముడిపడిన ఈడీఎల్ఐ బీమా సొమ్ముకు మరణం ఎలా జరిగిందన్నది అడ్డు కాదు. ఈ నాలుగు ముక్కలు తెలియక ఎన్ని ఇళ్లు ఆ ఫైలు కట్టి అటక మీద పడేశాయో! వార్డు సచివాలయంలో సంక్షేమం చూసే ఉద్యోగి ఆ ఇంటికి వెళ్లి ఫారాలు నింపిపెట్టే పని అప్పగించండి.

4. ప్రాణాపాయం నుంచి బయటపడ్డవాళ్ల గురించి. వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో ఇంటివాళ్ల మొదటి భయం ఇప్పటికీ పోలీసు కేసు. ఆ భయంతో చిన్న క్లినిక్‌కి తీసుకెళ్లి అక్కడ ఇంకేదో కారణం చెబుతున్నారు. వైద్యం ఆలస్యమవుతోంది. నిజానికి ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309 సెక్షన్ ఇప్పుడు లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని పెట్టలేదు. ప్రభుత్వోద్యోగిని విధులు చేయనివ్వకుండా ఒత్తిడి తేవడానికి అలా ప్రయత్నిస్తే మాత్రమే 226వ సెక్షన్ ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ అయితే ఇంకా ముందుకు వెళ్లి, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వాళ్లకు చికిత్స, సంరక్షణ, పునరావాసం ఇచ్చి మళ్లీ ఆ ప్రమాదం రాకుండా చూడటం ప్రభుత్వ బాధ్యతని రాసింది. అత్యవసరంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలి, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రతి క్యాజువాలిటీ గోడ మీద ఈ విషయం తెలుగులో రాయించండి.

ఇంటికి పంపించేశాక ఏం జరుగుతోందన్నది ఇంకా ముఖ్యం. సెలైన్ తీసేసి, మందుల చీటీ ఇచ్చి, 'ఇక ఇలా చేయకు బాబూ' అని మందలించి పంపిస్తున్నారు. ఇంట్లోవాళ్లు దాని గురించి ఎత్తకపోవడమే మంచిదనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో చేయించి 2008లో ప్రచురించిన పరిశోధనలో చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యాయత్నం తర్వాత ఆసుపత్రికి వచ్చినవాళ్లలో కొందరికి మామూలు వైద్యం చేసి పంపారు. మిగతావాళ్లతో ఒక గంట కూర్చుని మాట్లాడి, ఇంటికి వెళ్లాక 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో పలకరించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, పలకరింపు లేని వర్గంలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరించిన వర్గంలో 0.2 శాతం. కొత్త మందు లేదు, మెషీన్ లేదు. గంటసేపు మాట, తొమ్మిది పలకరింపులు. చెన్నైలో చేయగలిగింది కేజీహెచ్‌లో, విమ్స్‌లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎందుకు చేయలేం?

5. మాలాంటివాళ్లం కలిసి కూర్చోవడానికి ఒక చోటు చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అనుభవమున్న డాక్టర్లున్నారు. ఆ గేటు లోపలికి వెళ్తూ తెలిసినవాళ్ల కంట పడితే 'పిచ్చాసుపత్రికి వెళ్తున్నారట' అంటారని జనం జంకుతారు. ఆ జంకు డాక్టర్ల తప్పు కాదు, మనందరి నోటి తప్పు. అది పోయేదాకా దుఃఖంలో ఉన్నవాళ్లు ఆగలేరు కాబట్టి, ఆసుపత్రి కాని చోట నెలకో ఆదివారం రెండు గంటలు ఒక గది ఇప్పించండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోటైతే గాజువాక నుంచి, పెందుర్తి నుంచి, మధురవాడ నుంచి బస్సులో వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి నడిచి రావచ్చు. ఇరవై కుర్చీలు, మంచినీళ్లు, శిక్షణ ఉన్న ఒక మనిషి చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాలున్నాయి. అక్కడివాళ్లను కలుపుకుంటే మనిషి కొరత కూడా తీరుతుంది.

మేం కొన్ని కుటుంబాల వాళ్లం ఇప్పటికే ఒకరి ఇంట్లో ఒకరం కలుసుకుంటున్నాం. అక్కడ ఎవరూ 'ఎందుకట' అని అడగరు. ఒకావిడ మొదటిసారి వచ్చినప్పుడు ఏమీ మాట్లాడలేదు, పకోడీలు తిని, టీ తాగి వెళ్లిపోయింది. తర్వాతిసారి కూడా వచ్చింది. అలా వచ్చి కూర్చోగలగడమే కొందరికి పెద్ద పని. కాకపోతే ఇంట్లో పెట్టుకుంటే పక్కింటివాళ్లకు అనుమానం, కొత్తవాళ్లకు మొహమాటం. మాలో ఎవరైనా మరీ కుంగిపోతే ఏం చేయాలో మాకు తెలియదు. అందుకే శిక్షణ ఉన్న మనిషిని అడుగుతున్నాం.

ఇక్కడ కాస్త ఆగి, అధికారుల్ని పక్కనపెట్టి, ఇది చదువుతున్న మామూలు మనుషులకు ఒక మాట. మీకే ఇప్పుడు బతకాలని లేకపోతే, లేదా మీ ఇంట్లో ఎవరి గురించైనా ఆ భయం ఉంటే, 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 112 గానీ 108 గానీ చేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతాం. అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నవాళ్లకు అది ఊరట. ఆత్మహత్యతో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూడా ఆ నంబరుకి ఫోన్ చేయొచ్చు. మీ గొంతు పెగలకపోయినా పర్వాలేదు, అవతలివాళ్లు ఆగుతారు.

6. కాలేజీ, కోచింగ్ సెంటర్ల యాజమాన్యాలకు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు మన విశాఖలోనే హాస్టల్లో ఉంటూ 2023 జూలైలో చనిపోయిన పదిహేడేళ్ల నీట్ విద్యార్థిని కేసులో వచ్చింది. వేరే రాష్ట్రం నుంచి మన ఊరిని నమ్మి పంపిన బిడ్డ. ఆ తీర్పును అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అమలు చేయాల్సిన ఊరు మనది.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని ఆ తీర్పు చెప్పింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దంది, అందరి ముందు అవమానించొద్దంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. టెలీమానస్ నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలంది. మా వీధి చివర ఒక్కో కాలేజీ ర్యాంకుల ఫ్లెక్సీ రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. దాని మీద ఒక మూల 14416 వేయడానికి చోటు లేదా? ఏ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారో, వాళ్ల అర్హత ఏమిటో జిల్లా యంత్రాంగం జాబితా బయటపెడితే, ఫీజు కట్టేముందు తల్లిదండ్రులే చూసుకుంటారు. లెక్చరర్‌కే ఇంకో బోర్డు తగిలించి కౌన్సెలర్ అని చూపిస్తే ఒప్పుకోవద్దు.

ఇంకోటి ఎవరూ మాట్లాడనిది. హాస్టల్లో ఒక పిల్లో పిల్లాడో పోతే, నాలుగు రోజులు సెలవిచ్చి, గది తాళం వేసి, 'ఆ విషయం ఎవరూ మాట్లాడకండి' అంటారు. అదే గదిలో పడుకున్న ముగ్గురి సంగతేమిటి? ముందు రోజు రాత్రి తనతో పోట్లాడిన స్నేహితురాలి సంగతేమిటి? ఆ పిల్లలు మాలాగే మిగిలిపోయినవాళ్లు. వాళ్లను ఇంటికి పంపేముందు కౌన్సెలర్‌తో మాట్లాడించాలి, తల్లిదండ్రులకు జాగ్రత్తలు చెప్పాలి, తిరిగొచ్చాక కొన్ని వారాలు గమనించాలి.

7. పాత్రికేయ మిత్రులారా, మీకు చట్టాలు నేను చెప్పక్కర్లేదు. ఆత్మహత్య వార్తల్ని ప్రముఖంగా వేయొద్దని, ఎలా జరిగిందో వర్ణించొద్దని, సంచలన శీర్షికలు వద్దని, ఫొటోలు వద్దని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019 సెప్టెంబరులోనే చెప్పింది. అయినా జిల్లా పేజీలో 'జీవితంపై విరక్తి చెంది' అని మొదలై, ఊరూ వీధీ భార్య పేరూ అన్నీ ఉన్న వార్త ఇప్పటికీ వస్తోంది. యూట్యూబ్ ఛానళ్లయితే ఎర్ర బాణం గుర్తుతో ఇంటి గుమ్మం చూపించి 'అసలు కారణం ఇదేనా?' అంటాయి. పత్రిక మర్నాటికి పాతబడుతుంది. ఆ వీడియో మాత్రం పిల్లాడు పెద్దయ్యాక కూడా వాడి నాన్న పేరు కొడితే వస్తుంది. అలాంటివి తీయించాలంటే ఎవరికి రాయాలో జిల్లా పౌర సంబంధాల అధికారి ద్వారా ఒక దారి చూపించండి. ఆత్మహత్య వార్త వేయక తప్పకపోతే కింద రెండు లైన్లు 14416 గురించి వేయండి. సంక్షోభం దాటి బతికి బయటపడ్డవాళ్ల కథలు కూడా అప్పుడప్పుడు వేయండి. ఈ ఊళ్లో అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు, మీరు అడగడం లేదు.

8. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వార్డు సచివాలయ సిబ్బంది ప్రతి గడపా ఎరిగినవాళ్లు. బీపీ, షుగర్ అడిగినట్టే 'మనసు ఎలా ఉంది, నిద్ర పడుతోందా' అని అడగడం వాళ్లకు నేర్పండి. కొత్త యాప్ మాత్రం ఇవ్వకండి, వాళ్లకు ఉన్నవే ఎక్కువయ్యాయి.

నిధులు కావాలి, పై నుంచి ఉత్తర్వులు రావాలి అంటారని తెలుసు. నాలుగు, ఎనిమిది అంశాలకు టైం పడుతుందని మాకూ తెలుసు. మొదటి అంశంలోని కాగితానికి అయ్యేది జిరాక్స్ ఖర్చు. ఆ కాగితాన్ని మేమే తెలుగులో రాసి, ఒక సైకియాట్రిస్టుకు, ఒక లాయరుకు చూపించి దిద్దించి, ఈ లేఖకు జతచేస్తున్నాం. మార్పులుంటే చేసుకోండి. మా పేర్లు అందులో అక్కర్లేదు.

సెప్టెంబరు 10 ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం. ఏటా ఆ రోజు ర్యాలీలు, ప్లకార్డులు, ఫొటోలు ఉంటాయి. ఈసారి ర్యాలీతో సరిపెట్టకుండా, ఆ రోజుకల్లా కాగితం మీద, గది మీద ఉత్తర్వు ఇవ్వండి. పై ఎనిమిదింటిలో ఏదైనా మీ పరిధిలోకి రాదనుకుంటే, ఎవరి పరిధిలోకి వస్తుందో ఆ ఉద్యోగి హోదాతో సహా రాతపూర్వకంగా చెప్పండి. మేం వాళ్ల దగ్గరికే వెళ్తాం.

ఇట్లు,
తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒక అక్క,
మరికొన్ని కుటుంబాల తరఫున,
గోపాలపట్నం, విశాఖపట్నం